ఖాళీ కాంటా మీద అరవై కిలోలు

మా దుకాణానికి వచ్చే కంప్యూటర్లలో సగం దిష్టి తగిలినవే. ఆ మాట నాది కాదు, తెచ్చినవాళ్ళది. నిన్నటిదాకా బాగానే నడిచింది, ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో అంటారు. విప్పి చూస్తే లోపల ఎలుక కొరికిన వైరో, ఉబ్బిపోయిన కండెన్సరో ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క దిష్టి కూడా నా స్క్రూడ్రైవరుకు తగల్లేదు.

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ గుడి వైపు పోయే దారిలో నాది చిన్న రిపేరు దుకాణం. కొత్త లాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్ళు గల్లీకి నలుగురున్నారు. నేను పాతవాటి మనిషిని. రైసు మిల్లుల్లో, పసుపు యార్డులో, కాంటాల దగ్గర ఇంకా ప్రాణంతో ఉన్న పాతకాలం కంప్యూటర్లను వేరే ఎవరూ ముట్టుకోరు. అవి తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి.

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడం ఒక్కటే కాదు, ఆ మాట వింటేనే చిరాకు. మా ఆవిడ దుకాణం గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండను తెంపి పారేసి, ఆ రాత్రి అన్నం లేకుండా పడుకున్న మనిషిని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి మీరు నన్ను ఆ నిమ్మకాయల జట్టులో కలిపేస్తారని.

పోయిన ఏడాది చెరకు సీజను మొదలయ్యేటప్పటి సంగతి ఇది. చందూర్ దగ్గర పొలాల మధ్య ఒక బెల్లం ఫ్యాక్టరీ ఉంది. దాని పేరు చెప్పను. బోధన్ చుట్టుపక్కల పండే చెరకు కొంత అక్కడికి పోతుంది. గేటు పక్కనే కాంటా. నేలలో గుంత తీసి, దూలాలు పెట్టి, పైన ఇనుప రేకులు పరిచిన ప్లాట్‌ఫాం అది. చెరకు ట్రాక్టరు దాని మీదికి ఎక్కి ఆగితే, పక్కనున్న గదిలో కంప్యూటరు మీద బరువు కనిపిస్తుంది.

ఆ కంప్యూటరును సేటు, అంటే ఫ్యాక్టరీ యజమాని, ఎప్పుడో మూతపడిన ఒక మిల్లు సామాన్ల వేలంలో కొన్నాడు. ఆకుపచ్చ అక్షరాల బండ తెర, టకటకమనే ప్రింటరు. దాన్ని అక్కడ బిగించింది నేనే. నడిచినన్ని రోజులు నడవనీ అని సేటు దాన్ని మార్చలేదు. నాకూ అదంటే ఇష్టమే.

ఆ కాంటా దగ్గర ఒక పద్ధతి ఉంది. గదిలో కూర్చున్న మనిషి తెర మీద బరువు చూసి, కిటికీలోంచి గట్టిగా పలకాలి. రైతు, డ్రైవరు, ఫ్యాక్టరీ మనిషి అందరూ ఒకేసారి వినాలని పెట్టుకున్న పద్ధతి అది. పలికేదాకా బండి కదలకూడదు. కదిలిందా, ఆ తూకం చెల్లదు, మళ్ళీ ఎక్కించాలి. చీటీ చేతికి రావడం ఆ తర్వాతి సంగతి.

ఆ కిటికీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి గంగాధర్. బక్కపలుచని మనిషి. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి వినబడదు, బరువు పలికితే రోడ్డు అవతలికి వినబడుతుంది. ఆ సీజనుకు ముందు ఎండాకాలంలో గుండెనొప్పితో నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చనిపోయాడు. ఆయన కూతురు సరిత ఆ సమయానికి మందుల కోసం కిందికి దిగింది. పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆమెను పరామర్శించడానికి వెళ్ళినప్పుడు నాతో ఒకే మాట అంది. “చెప్పకనే పోయిండన్న.” ఆ తర్వాత నాకు చాయ్ ఇచ్చి, ఇక ఆ ఊసు ఎత్తలేదు.

ఇంట్లో ఆమె, ముసలి అవ్వ, ఇద్దరే. డిగ్రీ చదివింది, చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని కాంటా పని నేర్చుకుంది. సేటు మంచివాడే, కానీ వ్యాపారి. తండ్రి కుర్చీ ఆమెకు ఇచ్చాడు గానీ, ఈ సీజను చూసి అప్పుడు ఖాయం చేస్తానన్నాడు. ఆ ఉద్యోగం పోతే వాళ్ళిద్దరికీ ఇంకో ఆధారం లేదు.

సీజను మొదలు కావడానికి ముందురోజు ఆమె ఫోన్ చేసింది.

“అన్నా, కాంటా కాడికెల్లి సరితను మాట్లాడుతున్న. కంపూటర్ లేస్తలేదు. ఫ్యాన్ తిరుగుతుంది గని ఒక్క అక్షరం వస్తలేదు. జర జల్ది రా అన్నా.”

స్కూటరు మీద వర్ని దాటి అక్కడికి చేరేసరికి ఎండ ఎక్కింది. మూత విప్పగానే సంగతి అర్థమైంది. నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

దసరాకు ఆయుధపూజ చేస్తారు కదా. ట్రాక్టర్లకు, మోటార్లకు, ఫ్యాక్టరీ గానుగలకు ఎలాగో, కంప్యూటరుకూ అలాగే చేశారు. పూజకు ముందు దాని మూత తీసి లోపలి దుమ్మంతా తుడిచారు. పాత కాగితం ముక్క ఏదో మురికి పట్టి అంటుకుని ఉంటే గోటితో గీకి తీసేశారు. వానాకాలం చెమ్మ పట్టిందని మూత లేకుండానే దాన్ని గది ముందు గట్టు మీద మిరపకాయలు పోసినట్టు ఎండకు పెట్టారు. పొద్దున పెట్టి సాయంత్రం తీసి, పూజ రోజు దాకా అదే పని. ఆ తర్వాత నాలుగు మూలలా పసుపు, కుంకుమ.

ఆ కాగితం ముక్కే కొంప ముంచింది. పాత కంప్యూటర్లలో కొన్ని చిప్పుల నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. లోపల రాసిన ప్రోగ్రాంను చెరపాలంటే ఆ గాజులోంచి ఒక రకం వెలుతురు పంపుతారు. రోజుల తరబడి ఎండ తగిలినా రాత చెరిగిపోతుంది. అందుకే గాజు మీద కాగితం అంటిస్తారు. కంప్యూటరు లేవడానికి కావలసిన ప్రోగ్రాం, బరువు తూచే ప్రోగ్రాం రెండూ ఆ ఒక్క చిప్పులోనే ఉన్నాయి. నేను పరీక్షించి చూస్తే లోపల ఏమీ మిగల్లేదు. గాజు మీద మాత్రం ఎవరో భక్తిగా ఒక బొట్టు పెట్టారు.

“నేనే తుడిచినన్న,” అంది సరిత గొంతు తగ్గించి. “బాపు పైపైన తుడిచెటోడు. నేను మంచిగ తుడుద్దమనుకున్న.”

ఆమె మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. బయట నిలబడ్డ సేటుతో, చిప్పు పాతబడి పోయింది, రేపు పొద్దున్నే కొత్తది తెచ్చి పెడతానని చెప్పాను.

సేటు తొందరలోనూ న్యాయం ఉంది. కోసిన చెరకు ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది. రైతు నిలబడి చూస్తూ ఊరుకోడు, బండి తిప్పుకుని ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు.

“రేపు పగటీలి దాక, పన్నెండు కొట్టేదాక సూస్త సారూ,” అన్నాడు. “అప్పటికి నడవకపోతె కొత్త మిషినోళ్ళను పిలుస్త. వాళ్ళ మిషినుకు వాళ్ళ మనిషే వచ్చి కూసుంటడు. ఇగ నా చేతుల ఏం లేదు.”

చివరి మాట సరిత వైపు చూడకుండా అన్నాడు. ఆమె వినకుండా ఎలా ఉంటుంది, పక్కనే ఉంది.

ఆ కంప్యూటరును బిగించిన రోజుల్లోనే చిప్పులోని ప్రోగ్రాంకు ఒక నకలు తీసి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం దుకాణంలో ఒక చచ్చిన మిషన్ నుంచి అదే రకం చిప్పులు రెండు పీకి, పూర్తిగా చెరిపి, ఆ నకలును రెండింటిలోనూ రాశాను. రాసినదాన్ని మళ్ళీ చదివించి పోల్చాను. అక్షరం తేడా లేదు. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గంగాధర్ తూచిన బరువులు గానీ, ఆయన కాలపు లెక్కలు గానీ ఆ చిప్పులో ఒక్కటి కూడా లేవు. ఉండే వీలు లేదు.

మరునాడు నేను వెళ్ళేసరికి చెరకు ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. మొదటి బండి జబ్బార్ చాచాది. బోధన్ మనిషి, ఈ కాంటా పెట్టినప్పటి నుంచి ప్రతి సీజనులోనూ ఇక్కడికి చెరకు తోలుతున్నాడు. అందరూ నా సంచి వైపే చూస్తున్నారు. ఇలాంటప్పుడు నాకు నేనే పెళ్ళికొడుకునన్నట్టు ఉంటుంది. ఆ సంబరం ఆ రోజు ఎక్కువసేపు నిలవలేదు.

చిప్పు ఎక్కించి స్విచ్చు వేశాను. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నా వెనక సరిత ఊపిరి వదలడం వినబడింది.

ఆ ప్రోగ్రాంలో ఒక కట్టుబాటు ఉంది. మొదలయ్యే ముందు ప్లాట్‌ఫాం ఖాళీగా ఉందో లేదో అది చూసుకుంటుంది. ఏ బండరాయో ముందే పెట్టి తూకంలో మోసం చేయకుండా మిల్లువాళ్ళు రాయించుకున్న కట్టుబాటు. పైన బరువేదైనా ఉంటే ఎంత ఉందో చూపించి, అది తీసేదాకా ముందుకు కదలదు.

తెర మీద అరవై అని వచ్చి ఆగింది.

“ఎవరో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారు, దిగమను,” అన్నాను తల తిప్పకుండానే.

సరిత కిటికీలోంచి చూసింది. తెర వైపు ఒకసారి, మళ్ళీ బయటికి ఒకసారి చూసింది. తర్వాత, “ఎవ్వల్లేరన్న,” అంది.

నేనూ లేచి చూశాను. ఇనుప రేకులు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద రాత్రి కురిసిన మంచు తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలో ఒక్క అడుగు జాడ కూడా లేదు.

ఇలాంటివి నాకు కొత్త కాదు. ఆపి మళ్ళీ వేశాను, అరవై. రెండో చిప్పు మార్చాను, అరవై. కాంటా వైరు వచ్చి కలిసే కార్డు పళ్ళను రబ్బరుతో రుద్దాను. వైర్లు కలిసే డబ్బా విప్పి, చెమ్మ ఉందేమోనని పొడిగుడ్డతో తుడిచాను. ప్లాట్‌ఫాం అంచుల్లో ఇరుక్కున్న చెరకాకును, రాళ్ళను ఇద్దరు కూలీలతో తీయించాను. ప్రతిసారీ అరవై. అది పది కిలోల చొప్పున లెక్కపెట్టే కాంటా. ఒక్కసారి కూడా యాభై కాలేదు, డెబ్బై కాలేదు.

నన్ను ఇబ్బంది పెట్టింది అదే. చెడిపోయిన మిషన్ ఒకచోట నిలబడదు. తడిసిన వైరు చూపించే బరువు తాగినవాడిలా ఊగుతుంది. ఇది ఊగడం లేదు.

నేనే వెళ్ళి ప్లాట్‌ఫాం ఎక్కి, ఎంతుందో చూడమని సరితకు సైగ చేశాను. నా బరువు సరిగ్గా కలిసింది. దిగితే సరిగ్గా తగ్గి మళ్ళీ అరవై దగ్గర ఆగింది. అంటే కాంటా బరువును సరిగ్గానే తూస్తోంది. ఆ మాట నాలో నేను అనుకున్నాక, వెంటనే ఇంకేదో అనుకోవడానికి ప్రయత్నించాను.

మిగిలింది కింది గుంత. ప్లాట్‌ఫాం నాలుగు మూలల కింద నాలుగు లోడ్ సెల్స్ ఉంటాయి. పైన పడే బరువును కరెంటుగా మార్చి కంప్యూటరుకు పంపే ఇనుప దిమ్మెలు అవి. ఏ మూల దిమ్మె చెడిందో మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గుంతలోకి దిగాను. వంగి నడవాల్సినంత ఎత్తే ఉంటుంది, నెత్తిన టన్నుల ఇనుము. చేతిలో టార్చి, మీటరు.

రోడ్డు వైపు మూల దగ్గర మీటరు పెట్టగానే బరువు దొరికింది. మిగతా మూడు మూలల్లో దాదాపు ఏమీ లేదు. మనసు తేలికపడింది. ఈ దిమ్మె పోయింది, ఇంత రాద్ధాంతం దీనికేనా అనుకున్నాను. రూఢి చేసుకుందామని మళ్ళీ మీటరు పెట్టాను.

అక్కడ బరువు లేదు.

వెతికితే మధ్యలో ఉంది. రెండు వైపులా సగం సగం పంచుకున్నట్టు చూపుతోంది. అప్పుడు నా నెత్తి మీది రేకుల సందుల్లోంచి సన్నగా తుప్పు రాలింది. కొంచెం ఆగి, ఇంకొంచెం ఇవతల రాలింది. మళ్ళీ ఆగి, ఇంకా ఇవతల. రోడ్డు వైపు నుంచి గది వైపు, నిదానంగా.

“ఎవడురా పైన?” అని అరిచాను. గుంతలో నా గొంతే నాకు మోగింది.

గది వైపు మూలకు పాక్కుంటూ వెళ్ళి మీటరు పెట్టాను. అరవై కిలోల బరువు మొత్తం ఇప్పుడు ఆ మూల మీద ఉంది. సరిగ్గా కిటికీ కింద. ఒళ్ళంతా చెమట పట్టింది. అక్కడ గాలి ఆడదు, అందుకని అనుకున్నాను.

పైకి వచ్చి చూస్తే ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. డ్రైవర్లంతా దూరంగా చెట్టు నీడన బీడీలు కాలుస్తున్నారు. గదిలో సరిత కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆమె తెర వైపు చూడటం లేదు. కిటికీ కింద, ప్లాట్‌ఫాం మూల వైపు చూస్తోంది.

పైన మనుషులు నడుస్తుంటే ఆపాలని తెలియదా అని ఆమె మీద విరుచుకుపడ్డాను. కోపం కాదు అది, భయం. అప్పుడు ఒప్పుకోలేదు గానీ భయమే.

“ఎవ్వల్లు నడవలేదన్న,” అంది. తిట్టినందుకు మొహం కూడా చిన్నబుచ్చుకోలేదు.

కాసేపు ఆగుదామని బయటికి వెళ్ళి జబ్బార్ చాచా ట్రాక్టరు దగ్గర నిలబడ్డాను. ఆయన చాయ్ పోసి ఇచ్చాడు. ఊరికే మాటల్లో పెట్టాడు.

“గంగాధర్ భాయ్ ఉంటె సీజన్ల మొదటి దినం వేరే ఉంటుండె సారూ. మా బండ్లు ఎక్కకముందు తనే ఎక్కి నిలబడేటోడు, కాంటా సక్కగుందా లేదా అని. ఈ పిల్ల గింతంత ఉండె. కుర్చీ మీద నిలబడి కిటికీలకెల్లి పలికేది. అది పలికేదాక దిగకపోయేటోడు. మేమంత నవ్వేటోళ్ళం.”

“ఎంత పలికేది?” అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

“అరవై. ఎప్పుడు సూసిన అరవయ్యే. ఇన్నేండ్లల్ల పెరగకపాయె, తగ్గకపాయె. గట్టి మనిషి.”

తెర మీది అంకెను నేను బయట ఎవరికీ చెప్పలేదు. కాంటా లేస్తలేదని తప్ప వాళ్ళకు ఇంకేమీ తెలియదు. గదిలోకి నేను, సరిత తప్ప పొద్దుటి నుంచి ఎవరూ రాలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇద్దరు రైతులు సేటును పట్టుకుని గట్టిగా మాట్లాడుతున్నారు. వరుస చివర ఒక ట్రాక్టరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. సేటు ఫోన్ జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“కొత్త మిషినోళ్ళ వ్యాను వర్ని దాటిందట సారూ. మీరు సామాన్లు సదురుకోండ్రి. మీది తప్పని అంటలేను.”

నాకు సిగ్గుగా అనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఆ పిల్ల వైపు చూడటానికి మనసొప్పలేదు. గదిలోకి వెళ్ళి, వ్యాను వస్తోందని చెప్పి, ఆపేయడానికి స్విచ్చు మీద చెయ్యి వేశాను.

“జర ఆగన్నా,” అంది సరిత.

ఆమె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. బయట వ్యాను హారను వినబడింది. ఆమె పెదవులు కదిలాయి. నాకు సరిగ్గా వినబడలేదు. అరవై అన్నట్టుంది. తెర మీద అంకె మారలేదు.

గేటు తెరుస్తున్న చప్పుడైంది. ఆమె ఒకసారి కళ్ళు తుడుచుకుంది. తర్వాత డ్రైవర్లకు పలికినట్టే, తండ్రి పలికినట్టే, రోడ్డు దాకా వినబడేలా పలికింది.

“అరవై.”

బరువు దిగినప్పుడు ఆ రేకులు సన్నగా కిర్రుమంటాయి. వందల సార్లు విన్న చప్పుడు అది. ఇప్పుడూ అదే చప్పుడు వచ్చింది. తెర మీద అరవై పోయి సున్నా పడింది. ప్రోగ్రాం మొదలైంది. ప్రింటరు తల ఒక మూల నుంచి ఇంకో మూలకు కదిలి ఆగింది.

ఖాళీ కాంటాకు ఆమె అరవై పలకడం బయట అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. జబ్బార్ చాచా టోపీ సర్దుకుని, ఏదో దువా చదువుకుని, ట్రాక్టరు ఎక్కి బండిని నిదానంగా ప్లాట్‌ఫాం మీదికి తెచ్చాడు. సరిత కూర్చుని, తెర చూసి, ఆయన బండి బరువు పలికింది. ఆ తర్వాతి బండికీ అలాగే పలికింది.

సేటు వచ్చి, “నడిచిందా?” అన్నాడు. నడిచిందన్నాను. వ్యాను వాళ్ళకు చాయ్ తాగించి పంపేశాడు. ఆ సీజనంతా కాంటా ఒక్కసారి కూడా మొరాయించలేదు. సంక్రాంతి దాటాక సరిత ఉద్యోగం ఖాయమైంది.

ఆ మధ్యాహ్నం బండ్లు పలుచబడ్డాక నేను ఆమెను అడిగాను. పలికితే సరిపోతుందని నీకు ఎప్పుడు తట్టింది అని.

ఆమె చీటీల కట్ట సర్దుతూ తల ఎత్తకుండా చెప్పింది.

“పొద్దుగాల నువ్వు చిప్పు ఎక్కిచ్చి ఆన్ చేసినప్పుడే తెలిసిందన్న. అరవై అని చూడంగనే తెలిసింది.”

“మరి ఇంతసేపు ఎందుకు ఊరుకున్నావు? ఉద్యోగం పోయేది కదా.”

“పలికితె దిగి పోతడు గదా అన్నా,” అంది. “ఇంకింత సేపు ఉంటడని పలుకలే.”

స్కూటరు మీద తిరిగి వస్తూ దారిలో ఒకచోట ఆగి కాసేపు కూర్చున్నాను.

సీజను ముగిశాక నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. ఆ రెండు చిప్పులనూ మళ్ళీ దుకాణానికి తెచ్చి చదివించాను, నకలుతో పోల్చాను. తేడా లేదు. నాలుగు లోడ్ సెల్స్‌నూ వేరే కాంటా మీద పెట్టి చూశాను, నాలుగూ బాగున్నాయి. ఎండకు రేకులు సాగి ఉంటాయని ఒక ఇంజనీరు మిత్రుడు అన్నాడు. పొద్దున మంచులో ఏ ఎండ అని అడిగితే, అయితే చెమ్మ అన్నాడు. చెమ్మ నడవదు కదా అన్నాను. అతను మాట మార్చాడు.

ఈ ఏడాది సీజను మొదటి రోజు పొద్దున్నే సరిత మళ్ళీ ఫోన్ చేసింది. మిషన్ బాగానే ఉందట, ఊరికే వచ్చి పొమ్మంది. నేను ఎందుకని అడగలేదు, వెళ్ళాను.

ప్లాట్‌ఫాం మీద మంచు తడి అలాగే ఉంది. స్విచ్చు వేశాను. ఎక్కడా ఆగకుండా నేరుగా సున్నా వచ్చింది, ప్రోగ్రాం మొదలైంది. ఏ రిపేరు మనిషైనా సంతోషించాల్సిన సంగతి.

ఆమె ఆ సున్నాను చాలాసేపు చూసింది. “ఇంకొకసారి ఆపి వెయ్యన్నా,” అంది.

ఆపి వేశాను. సున్నా.

ఆమె మళ్ళీ అడగలేదు. కిటికీ తలుపు తెరిచి మొదటి బండిని పిలవడానికి లేచింది. నేనే ఆమెను ఆగమని చెప్పి, స్విచ్చు ఇంకోసారి ఆపి వేశాను.